గుడ్డు పగలగొట్టి చూస్తే కోడి ఏం తిన్నదో తెలుస్తుంది

(ఖమ్మం జిల్లాలోని ఒక గ్రామ సమాఖ్య సమావేశంలో విశ్రాంత పశువైద్యురాలు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనకాల గోడకు ఆనుకుని నిలబడ్డ అక్కలు కాస్త ముందుకొచ్చి కూర్చోండమ్మా. ఇవాళ నేను చెప్పేదాంట్లో సగం వినేది, సగం చూసేది. ఇదిగో, రెండు స్టీలు పళ్ళేలు తెచ్చాను. రెండు గుడ్లు మాత్రం మీ ఊరివే. పొద్దున వస్తూ వస్తూ రెండిళ్ళలో అడిగి తీసుకున్నాను. ఎవరి గుడ్డు ఏదో చెప్పను, చెప్పాల్సిన పని కూడా లేదు.

మొదటిది కొడుతున్నా, వినండి. ఒక్క దెబ్బకే పెంకు లోపలికి నలిగిపోయింది. పళ్ళెంలో వేస్తే తెల్లసొన నీళ్ళలాగా అంచు దాకా పారింది. పచ్చసొన చూడండి, నిమ్మకాయ రంగులో వెలవెలబోతూ, చదునుగా పరుచుకుంది. ఇప్పుడు రెండోది. ఒక దెబ్బ, రెండు దెబ్బలు... అదీ, పగిలింది. పచ్చసొన బంతిపువ్వు రంగులో ఉబ్బెత్తుగా నిలబడింది. చుట్టూ తెల్లసొన చిక్కగా గట్టు కట్టినట్టు ఉంది. పళ్ళెం వంచినా జారిపోవట్లేదు.

రెండూ నాటుకోడి గుడ్లే. ఒకే ఊరు, ఒకే గాలి. బజారుకు తీసుకెళ్తే రెండింటికీ ఒకటే ధర వస్తుంది. నాటుకోడి గుడ్డంటే చాలు, బలం దానంతటదే వచ్చేస్తుందని మనకో నమ్మకం. 31 ఏళ్ళు పశువైద్య శాఖలో పనిచేసి, ఎన్ని వేల గుడ్లు చూశానో నాకే తెలియదు. నేను చెప్పేదొక్కటే. కోడికి కడుపు నిండటం వేరు, గుడ్డుకు సరిపడా తినటం వేరు. మన పెరటి కోళ్ళలో చాలావాటికి కడుపు నిండుతుంది. గుడ్డుకు కావాల్సింది మాత్రం అందట్లేదు.

గుడ్డుకు ఒక లెక్క ఉంది. అది అర్థమైతే మేత సంగతి మీకే అర్థమైపోతుంది. పచ్చసొన కోడి కడుపులో పది రోజుల పాటు పొరలు పొరలుగా పెరుగుతుంది. అది పండి గుడ్డు నాళంలోకి జారాక, చుట్టూ తెల్లసొన పట్టడానికి మూడు గంటలు చాలు. తర్వాత ఉల్లిపొర లాంటి పల్చటి పొర వస్తుంది. చివరికి పెంకు. ఆ పెంకు ఒక్కదానికే దాదాపు 20 గంటలు పడుతుంది, అందులో ఎక్కువ భాగం రాత్రిపూటే. పచ్చసొన జారినప్పటి నుంచి మొత్తం కలిపితే 24 నుంచి 26 గంటలు. అందుకే మీ కోడి ఇవాళ తొమ్మిదింటికి పెడితే రేపు పదింటికో పదిన్నరకో పెడుతుంది. అలా పొద్దు వెనక్కి జరిగి జరిగి, ఒక రోజు అసలు పెట్టదు. అది జబ్బు కాదు. కంగారుపడి కోడిని కోసేయకండి.

అంటే, ఇవాళ సాయంత్రం మీరు వేసిన ఆకు పచ్చసొనలో పూర్తిగా తేలాలంటే పదిరోజులు పడుతుంది. ఇవాళ సాయంత్రం వేసిన నత్తగుల్ల మాత్రం రేపటి గుడ్డు పెంకులోనే కనపడుతుంది.

ముందు పచ్చసొన రంగు సంగతి చెబుతాను, ఎందుకంటే అందరూ అడిగేది అదే. ఆ రంగు ఆకుల్లోంచీ, పచ్చ మక్కజొన్నలోంచీ వస్తుంది. బియ్యం నూకల్లో ఆ రంగు లేదు. తెల్ల జొన్నల్లో లేదు. నూకలు మాత్రమే తిన్న కోడి గుడ్డు ఇదిగో, ఈ మొదటి పళ్ళెంలో ఉన్నట్టు ఉంటుంది. పెరట్లో మునగచెట్టు ఉన్న అక్కలు చేతులెత్తండి. చూడండి, సగానికి పైనే! రోజూ ఒక రెమ్మ విరిచి, కోడికి అందేంత ఎత్తులో దడికి కట్టండి. కింద పారేస్తే తొక్కి పాడుచేస్తాయి. కడితే పొడుచుకుని తింటాయి. తోటకూర ముదిరిపోయిందా, అదీ కట్టండి. దసరాకు గుమ్మానికి కట్టిన బంతిపూల దండలు ఉంటాయి కదా, వాటిని చెత్తకుప్పలో వేయకుండా రేకులు దూసి నీడలో ఎండబెట్టి పెట్టుకోండి. మేతలో చిటికెడు కలిపితే పచ్చసొన రంగు తేరుతుంది. అయితే మీ ఇంట్లో మందు కొట్టకుండా పెంచిన బంతి అయితేనే. బజార్లో కొన్న పూలకు ఏం కొట్టారో మనకు తెలియదు.

ఒక మాట గుర్తుంచుకోండి. రంగు ఒక్కటే బలం కాదు. ఫారాల్లో కూడా మేతలో రంగు కలిపి పచ్చసొనను ఎర్రగా చేయొచ్చు. కానీ మన పెరట్లో ఆ రంగు ఆకు నుంచి వస్తే, ఆకుతో పాటు మరికొన్ని మంచివీ వస్తాయి. పైగా ఎండలో తిరిగే కోడి గుడ్డులో డి విటమిన్ ఎక్కువ ఉంటుంది. షెడ్డులో నీడపట్టున పెరిగే కోడికి ఆ ఎండ దొరకదు. మీ కోళ్ళకు పైసా ఖర్చు లేకుండా అది దొరుకుతోంది. పొద్దస్తమానం గంప కింద కమ్మి ఉంచకండి.

ఇక పెంకు రంగు. గోధుమరంగు పెంకైతే బలమెక్కువ, తెల్లదైతే తక్కువ అని బజార్లో చెబుతారు. అదేం లేదు. పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది, లోపలి సరుకుకు దానితో సంబంధం లేదు.

రంగు అంటే నాకెప్పుడూ ఒక సంగతి గుర్తొస్తుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఒక పత్తి ఊళ్ళో, ఒకావిడ కొంగులో నాలుగు గుడ్లు మూటగట్టుకుని నా దగ్గరకొచ్చింది. మనిషి బాగా భయపడిపోయి ఉంది. 'అమ్మా, నా కోళ్ళకు ఎవరో ఏదో చేశారు' అంది. ఒకటి పగలగొట్టి చూశాను. పచ్చసొన పచ్చసొన రంగులో లేదు. నానబెట్టిన గోరింటాకు ముద్ద రంగులో ఉంది, ముదురు పసరు రంగు. తెల్లసొన లేత గులాబీ రంగు తిరిగింది. చుట్టుపక్కల వాళ్ళందరూ చేతబడి అన్నారట. కోళ్ళకేం పెడుతున్నావమ్మా అని అడిగాను. వాళ్ళాయన జిన్నింగు మిల్లులో పనిచేస్తాడు. అక్కడి నుంచి తెచ్చిన పత్తి గింజలు దంచి వేస్తోంది. అంతే. పత్తి గింజలో ఉండే గాసిపోల్ అనే పదార్థం వల్ల పచ్చసొన అలా మారుతుంది. తెల్లసొన గులాబీ రంగు తిరగటం ఆ గింజ నూనె వల్ల. పెట్టిన రోజు గుడ్డు మామూలుగానే ఉంటుంది, కొన్నాళ్ళు నిల్వ ఉన్నాక రంగు తిరుగుతుంది. అందుకే ఆవిడకు కారణం అంతుపట్టలేదు. గింజలు మానేసి మూడు వారాలయ్యాక మళ్ళీ గుడ్లు పట్టుకొచ్చింది. మామూలు గుడ్లే. ఆవిడ మొహంలో ఆ వెలుగు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. మన జిల్లాలో పత్తి ఎక్కువ, కాబట్టి చెబుతున్నా. పత్తి గింజ, పత్తి చెక్క గేదెకు పెట్టుకోండి, కోడికి వద్దు. విత్తనాల కోసం కొన్న పత్తి గింజలు, మక్క గింజలు ఇంకా ప్రమాదం. వాటికి ఎర్రటి మందు పట్టించి ఉంటుంది. విత్తగా మిగిలినవి పెరట్లో పడేస్తే కోళ్ళు తిని అక్కడికక్కడే పడిపోతాయి.

ఇప్పుడు పెంకు. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే మీరు ఎక్కువ నష్టపోతున్నది ఇక్కడే.

50 గ్రాముల గుడ్డులో పెంకు సుమారు 5 గ్రాములు. అందులో దాదాపు 2 గ్రాములు కాల్షియమే. తిన్నదంతా ఒంటికి పట్టదు కాబట్టి, రోజూ గుడ్డు పెట్టే కోడికి మూడున్నర నుంచి నాలుగు గ్రాముల కాల్షియం మేతలో అందాలి. నూకల్లో అది దాదాపు లేనట్టే. రాగుల్లో ఉంటుంది కదమ్మా అంటారు. ఉంటుంది, గింజలన్నింటిలోకీ రాగులే మేలు. కానీ 100 గ్రాముల రాగుల్లో ఉండేది గ్రాములో మూడోవంతు. అంటే కిలో రాగులు తింటే గానీ ఒక్క గుడ్డుకు చాలదు. కోడి కిలో రాగులు తింటుందా?

మేతలో అందకపోతే కోడి ఏం చేస్తుందో తెలుసా? తన ఎముకల్లోంచి తీసి పెంకు కడుతుంది. ఒక తల్లి తాను తినకుండా బిడ్డకు పెట్టినట్టే. కొన్నాళ్ళు అలా నడుస్తుంది. తర్వాత పెంకు పల్చబడుతుంది. తర్వాత తోలుగుడ్లు పడతాయి, పెంకే లేకుండా మెత్తగా చేతికి తగులుతాయి. ఆ తర్వాత కోడి కాళ్ళు లాగేసి కూలబడుతుంది, లేదా గుడ్లు పెట్టడమే మానేస్తుంది. అప్పుడు మనం 'ముసలిదైపోయింది' అని కోసేస్తాం. అది ముసలిది కాదమ్మా, అరిగిపోయింది.

దీనికి మందు చాలా చౌక. చెరువు గట్టున, వరి మడుల్లో దొరికే నత్తగుల్లలు ఏరుకొచ్చి, కడిగి, ఎండబెట్టి, రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. పెసరగింజంత ముక్కలుండాలి, మెత్తటి పొడి కాకూడదు. పొడైతే త్వరగా కడుపు దాటిపోతుంది. ముక్కలైతే కందనకాయలో నిలిచి, రాత్రంతా కొద్దికొద్దిగా కరుగుతూ, పెంకు కట్టే వేళకు అందుతాయి. గుల్లలు దొరక్కపోతే మేత దుకాణంలో సున్నపురాయి ముక్కలనీ, షెల్ గ్రిట్ అనీ అమ్ముతారు. ఇంట్లో వాడిన కోడిగుడ్డు పెంకులు కూడా పనికొస్తాయి. కానీ వాటిని పెనం మీద బాగా వేయించి, గుడ్డు ఆకారం తెలియనంతగా నలపండి. పచ్చి పెంకులు అలాగే పారేస్తే కోడికి రుచి మరిగి, తన గుడ్డే తాను పొడుచుకు తినడం నేర్చుకుంటుంది. ఆ అలవాటు ఒకసారి పడితే మాన్పించడం చాలా కష్టం.

తాంబూలంలో వేసుకునే సున్నం మాత్రం పెట్టకండి. అది నోరు, గొంతు కాలుస్తుంది.

గుల్లను మేతలో కలపకండి. ఒక మూకుడులో విడిగా, సాయంత్రం నాలుగింటి నుంచి అందుబాటులో ఉంచండి. ఏ కోడికి ఎంత కావాలో దానికి తెలుసు. గుడ్డు కడుతున్న కోడి వెతుక్కుంటూ వెళ్ళి తింటుంది, పుంజు అటు చూడను కూడా చూడదు. మేతలో కలిపితే గుడ్డుకు రాని పిల్లలూ తింటాయి. వాటికి అంత కాల్షియం పడదు, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

(సభలోంచి ఒకరు: 'డాక్టరమ్మా, మేము గుల్ల వేస్తున్నం. అయినా ఎండాకాలంల పెంకు పల్చగ వస్తది. ఎందుకట్ల?')

మంచి మాట అడిగావు చెల్లీ. కొత్తగూడెం వైపు ఎండ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతూ ఒంటి వేడిని బయటికి పంపుతుంది. అలా రొప్పినప్పుడు నెత్తుట్లో ఉన్న బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోతుంది. పెంకు కట్టడానికి కాల్షియంతో పాటు ఆ వాయువు నుంచి వచ్చేదీ కావాలి. అది తగ్గేసరికి, గుల్ల ఎంత వేసినా పెంకు పల్చబడుతుంది. పైగా వేడికి కోడి మేత తగ్గించేస్తుంది. కాబట్టి ఎండాకాలంలో మొదటి మందు గుల్ల కాదు, నీడా నీళ్ళూ. మట్టి మూకుళ్ళలో నీళ్ళు, చెట్టు నీడన, రెండు మూడు చోట్ల పెట్టండి. మధ్యాహ్నం ఒకసారి మార్చండి. ఎండకు కాగిన నీళ్ళు కోడి ముట్టదు. మేత తెల్లవారుజామున, మళ్ళీ పొద్దుగూకాక వేయండి. మిట్టమధ్యాహ్నం మేత వేస్తే అది అరిగేటప్పుడు ఒళ్ళు ఇంకా వేడెక్కుతుంది.

నీళ్ళను మనం చిన్నచూపు చూస్తాం. గుడ్డు లోపల ముప్పాతిక భాగం నీళ్ళే. కోడి రోజుకు పావు లీటరు దాకా తాగుతుంది, ఎండల్లో అంతకు రెట్టింపు. ఒక్క పూట నీళ్ళు లేకపోతే ఆ దెబ్బ నాలుగు రోజులు గుడ్ల మీద కనపడుతుంది. అంట్లు తోమిన సబ్బు నీళ్ళ గుంటలో తాగుతాయిలే అని వదిలేయకండి. మీరు తాగని నీళ్ళు దానికీ వద్దు.

ఇక మాంసకృత్తులు. గుడ్డులో 6 గ్రాముల దాకా మాంసకృత్తులు ఉంటాయి, అందుకే కదా అంగన్‌వాడీలో పిల్లలకు పెట్టేది. మరి కోడికి అవి ఎక్కడి నుంచి రావాలి? నూకల్లో నూటికి 7, 8 పాళ్ళు. గుడ్లు పెట్టే కోడి మేతలో నూటికి 16 నుంచి 18 పాళ్ళు ఉండాలి. వానాకాలం పురుగూ పుట్రా తిని కోడి ఆ లోటు తనే పూడ్చుకుంటుంది. మార్చి దాటాక నేల ఎండిపోతే పురుగు దొరకదు. అప్పుడు గుడ్లు తగ్గుతాయి.

మా అమ్మమ్మ చేసిన పని చెబుతాను. పాత కుండలో తడి పేడ, చిరిగిన గోనెసంచి ముక్క, కాస్త చొప్ప కుక్కి, సాయంత్రం పుట్ట పక్కన నేల మీద బోర్లించేది. పొద్దున్నే లేచి కుండ ఎత్తితే లోపల తెల్లగా చెదలు కిటకిటలాడేవి. దాన్ని దులిపితే కోడిపిల్లలు పరిగెత్తుకొచ్చేవి. ఆ చప్పుడు, టకటకమని ఆ ముక్కుల చప్పుడు, నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. అమ్మమ్మకు మాంసకృత్తులు అనే మాట తెలియదు. కానీ పిల్లలు త్వరగా రెక్కలు తొడుగుతాయని తెలుసు. మీలో పెద్దవాళ్ళు తల ఊపుతున్నారు, మీ ఇళ్ళల్లోనూ చేసే ఉంటారు. మళ్ళీ మొదలుపెట్టండి, ఇందులో ఖర్చేమీ లేదు.

చెదలు దొరకని కాలానికి ఇంట్లో మేత కలుపుకోవచ్చు. దాదాపు పది కిలోల లెక్క చెబుతా, రాసుకునేవాళ్ళు రాసుకోండి. పచ్చ మక్కజొన్న రవ్వ 5 కిలోలు, తవుడు 2 కిలోలు, సోయా చెక్క గానీ వేరుశనగ చెక్క గానీ రెండున్నర కిలోలు, ఖనిజ మిశ్రమం 200 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు. ఉప్పు అంతకు మించొద్దు. పచ్చళ్ళు, ఉప్పుచేపల మిగుళ్ళు కోడికి వేయకండి. బయట తిరిగి తినే కోడికి ఈ మేత సాయంత్రం గూటికి వచ్చే వేళ ఒక గుప్పెడు, అంటే 40 గ్రాములు చాలు. పొద్దున్నే వేస్తే అది తిని గడప దగ్గరే కూర్చుంటుంది, తిరగడం మానేస్తుంది. సాయంత్రం వేస్తే పగలంతా తిరిగి ఏరుకుంటుంది, పొద్దుగూకే వేళకు మీరు పిలవకుండానే ఇంటికొస్తుంది. కోళ్ళు తప్పిపోవు, పక్కింట్లో గుడ్లు పెట్టవు.

నీళ్ళ మీద తేలుతూ పెరిగే పచ్చమేత అజొల్లా పెంచేవాళ్ళు అదీ కలపండి, మంచిదే. కానీ అదొక్కటే సరిపోతుందనుకోకండి. పచ్చి అజొల్లాలో నూటికి తొంభై పాళ్ళకు పైగా నీళ్ళే.

చేపల పొడి కూడా మంచి మేతే. ఎక్కువైతే మాత్రం గుడ్డు నీచు వాసన కొడుతుంది. ఒమేగా గుడ్లని పట్నంలో ఎక్కువ ధరకు అమ్ముతున్నారు కదా, అవి చాలావరకు కోడికి అవిసె గింజలు పెట్టి తీసినవే. నేను చెప్పేది నూనె తీసే అవిసె గింజలు, ఆకుకూరగా తినే అవిసె చెట్టు కాదు. మేతలో ఓ మూడు నాలుగు పాళ్ళు కలుపుకోవచ్చు. పది పాళ్ళు దాటితే ఆ గుడ్డుకూ నీచు వాసన వస్తుంది.

వేరుశనగ చెక్క అన్నాను కదా. దాని గురించి ఒక హెచ్చరిక. బూజు పట్టిన చెక్క, బూజు పట్టిన మక్కలు 'మనం తినం, కోళ్ళకు వేద్దాం' అని పక్కన పెడతాం. ఆ పని చేయకండమ్మా. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు ఏ జబ్బో తెలియకుండా చచ్చిపోయాయి. ఆరా తీస్తే అవి తిన్న వేరుశనగ చెక్కలో బూజు. ఆ బూజు విషానికే అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. అది కోడి కార్జాన్ని తినేస్తుంది. ఉడకబెట్టినా, ఎండబెట్టినా పోదు. కోడి తిన్న విషంలో కొంత గుడ్డులోకీ వస్తుంది. ఆ గుడ్డు తినేది మన మనవలే. బూజు వాసన వస్తే పెంటకుప్పలో పూడ్చేయండి.

తెల్లసొన దగ్గరకు వద్దాం. మొదటి పళ్ళెంలో అది ఎందుకు పారింది? అందులో మేత తప్పు తక్కువ, నిల్వ తప్పు ఎక్కువ. ఆ ఇంట్లో గుడ్లు ఎక్కడున్నాయో చూశాను. రేకుల వంటింట్లో, పొయ్యి పైన అటక మీద బుట్టలో ఉన్నాయి. పెంకు నిండా కంటికి కనపడని వేల రంధ్రాలుంటాయి. గుడ్డు వేడిలో ఉంటే వాటిగుండా తేమా, వాయువూ పోయి తెల్లసొన పల్చబడుతుంది. రోజుకు రెండుసార్లు గుడ్లు ఏరుకోండి. పెద్ద మూకుడులో ఇసుక పోసి తడిపి, దాని మీద మట్టి పాత్ర పెట్టి, అందులో గుడ్లను సన్నటి కొన కిందికి ఉండేలా నిలబెట్టి, పల్చటి గుడ్డ కప్పండి. చల్లగా ఉంటాయి. గుడ్డు మీద రెట్ట అంటితే పొడిగుడ్డతో తుడవండి. నీళ్ళతో కడిగి నిల్వ పెట్టకండి. కోడి గుడ్డు పెట్టేటప్పుడే దాని మీద ఒక సన్నటి పూత ఇస్తుంది, కడిగితే అది పోయి మురికి లోపలికి దిగుతుంది. అసలు గూట్లో వరిగడ్డి పొడిగా ఉంటే తుడిచే పనే పడదు.

(సభలోంచి: 'పుంజు లేకుంటే పెట్ట గుడ్లు పెడతదా మేడమ్? పుంజు ఉన్న ఇంటి గుడ్డే బలమంటరు.')

పెడుతుందమ్మా. పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది, ఆ గుడ్డులో బలం ఏమాత్రం తగ్గదు. పొదిగించి పిల్లలు తీయాలంటేనే పుంజు కావాలి. అమ్మడానికే గుడ్లైతే ఎండాకాలంలో పుంజు లేకపోవడమే మేలు. పుంజు కలిసిన గుడ్డు 30 డిగ్రీల వేడిలో ఉంటే, కోడి పొదగకపోయినా లోపల పిండం పెరగడం మొదలవుతుంది. కొన్నవాళ్ళు పగలగొట్టి నెత్తుటి చార చూసి మళ్ళీ మీ గడప తొక్కరు. అలాగని గుడ్డులో ఎప్పుడు చిన్న నెత్తుటి చుక్క కనపడినా అది పిల్ల అనుకోకండి. పచ్చసొన జారేటప్పుడు సన్నటి నరం చిట్లినా ఆ చుక్క వస్తుంది. అది తీసేసి గుడ్డు వండుకోవచ్చు.

జాతుల గురించి రెండే మాటలు. మన నాటుకోడి ఏడాదికి 50, 60 గుడ్లు పెడుతుంది, చక్కగా పొదుగుతుంది, పిల్లల్ని గద్ద నుంచి కాపాడుకుంటుంది. హైదరాబాదులో రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థ వాళ్ళు పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ లాంటి రకాలు తయారుచేశారు. గుడ్లకు గ్రామప్రియ మంచిది, నాటుకోడికి రెండు మూడు రెట్లు పెడుతుంది. కానీ రెండు మూడు రెట్లు పెట్టే కోడికి గుల్లా, చెక్కా అదే లెక్కన కావాలి. తెచ్చి నూకలు వేసి వదిలేస్తే ఆ రకం మీద అపనమ్మకమే మిగులుతుంది. పైగా అది సరిగా పొదగదు. ఇంట్లో రెండు నాటుపెట్టల్ని ఉంచుకుని వాటి కింద గ్రామప్రియ గుడ్లు పెట్టారంటే 21 రోజులకు పిల్లలొస్తాయి. అయితే ఆ పిల్లలు అచ్చం తల్లి అంత పెట్టవు, గుడ్లు కొంత తగ్గుతాయి. అది తెలిసే పెట్టుకోండి.

చివరి విషయం. ఇది చెప్పకపోతే ఇప్పటిదాకా చెప్పిందంతా నీళ్ళలో పోసినట్టే.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా అమ్మకు 23 కోళ్ళుండేవి. నా పుస్తకాలు, మా తమ్ముడి చొక్కాలు ఆ గుడ్ల మీదే వచ్చేవి. సంక్రాంతి దాటాక ఒక రోజు ఒక పెట్ట మెడ వంకర పెట్టి కూర్చుంది. పచ్చగా, తెల్లగా పారింది. వారం తిరక్కుండానే 23లో రెండు మిగిలాయి. కొక్కెర తెగులు. అమ్మ వాటిని ఒక్కొక్కటిగా గొయ్యి తీసి పూడుస్తుంటే నేను గంప పట్టుకుని పక్కన నిలబడ్డాను. అప్పుడు మా ఊళ్ళో ఎవరికీ దానికి టీకా ఉందని తెలియదు. ఇప్పుడు మీకు తెలుసు. తెలిసీ ఆ గొయ్యి తీసే పని ఏ ఇంట్లోనూ రాకూడదనే నేను ఇవాళ ఇక్కడికొచ్చింది.

ఆ తెగులు వచ్చాక మందు లేదు, రాకముందు టీకా ఒక్కటే దారి. పిల్ల పుట్టిన వారంలోపు కంట్లో ఒక్క చుక్క లసోటా. నెల తిరిగే వేళకు మళ్ళీ ఒక చుక్క. ఎనిమిది వారాలు దాటాక ఆర్2బి అని సూది. అవి రెండూ పడిన కోడికే ఆ సూది వేయించండి. టీకాకు వారం ముందు నట్టల మందు తాగించి ఉంచితే టీకా బాగా పడుతుంది. పక్కింట్లో కోడి చనిపోతే కాలవలో పారేయొద్దని చెప్పండి, లోతుగా పూడ్చి మీద సున్నం చల్లమనండి. ఒకేసారి చాలా కోళ్ళు చనిపోతే వెంటనే పశువైద్యశాలకు కబురు పెట్టండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు చూశారు కదా, ఒక్క రోజు ఆలస్యమైనా ఎంత దూరం పాకుతుందో.

టీకాకు ఒక చిక్కుంది. సీసాలో వంద కోళ్ళకు సరిపడా మందుంటుంది. కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, ఐసు మీద నుంచి తీస్తే చచ్చుబడిపోతుంది. ఒక్క ఇంటి పది కోళ్ళ కోసం సీసా తెరిస్తే తొంభై మోతాదులు పారబోసినట్టే. అందుకే ఒక్కరుగా కుదరదు, మీ సంఘం అంతా కలిసి చేయాల్సిన పని ఇది. డాక్టరు గారితో మాట్లాడాను, వచ్చే గురువారం ఐసు డబ్బాతో మనిషిని పంపుతామన్నారు. పొద్దున అయిదింటికల్లా వస్తారు, కోళ్ళను గూళ్ళలోంచి వదలకండి, గంపల కింద కమ్మే ఉంచండి. పొద్దెక్కి అవి పెరళ్ళలోకి పోయాయంటే పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ఎవరింట్లో ఎన్ని పిల్లలు, ఎన్ని పెద్దవి, ఇదివరకు ఏ టీకా పడింది, కార్యదర్శి అక్క దగ్గర పుస్తకం ఉంది, ఇప్పుడే రాయించి వెళ్ళండి. ఈ రెండో పళ్ళెం గుడ్డు మాత్రం అట్టు వేసి ఆ పాపకు పెట్టండమ్మా, ఇందాకటి నుంచీ దాన్నే చూస్తోంది.